ట్రేడ్‌మార్క్‌కు ఖర్చు ఎక్కడ పడుతుంది?

భారతదేశంలో ఒక పేరునో లోగోనో ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టరు చేయించుకోవడానికి కట్టాల్సిన దరఖాస్తు రుసుము, ఒక్కో క్లాసుకు, వ్యక్తులకైతే 4,500 రూపాయలు, పెద్ద కంపెనీలకైతే 9,000 రూపాయలు. 2017 మార్చి 6న అమల్లోకి వచ్చిన ట్రేడ్‌మార్క్స్ నిబంధనలు నిర్ణయించిన రుసుములివి. ఇవి ఆన్‌లైన్‌లో దాఖలు చేసేవారికి. కాగితాల మీద దాఖలు చేస్తే 5,000, 10,000 అవుతాయి. ఈ అంకెలు చూసి ఇది చవకైన వ్యవహారమే అనుకుని దిగేవాళ్లు చాలామంది. రెండు మూడేళ్ల తర్వాత లెక్కలు చూసుకుంటే, అయిన ఖర్చులో ప్రభుత్వ రుసుము వాటా చిన్నదని తేలుతుంది. పెట్టుకున్న పేరు ఎలాంటిది, అది ఎన్ని రకాల సరుకుల మీద కావాలి, ఎన్ని దేశాల్లో కావాలి అన్నవాటిని బట్టే మొత్తం ఖర్చు పెరుగుతుంది, తగ్గుతుంది. ఇవన్నీ ఫారం నింపడానికి ముందే తేల్చుకోవాల్సినవి.

సగం రుసుము రాయితీ వ్యక్తులతో పాటు స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు కూడా వర్తిస్తుంది. ఇక్కడ చిన్న సంస్థ అన్న మాటకు అర్థం కాస్త విశాలమే. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్‌ఎంఈ) చట్టం కింద మధ్యతరహా సంస్థకు పెట్టిన పెట్టుబడి పరిమితి దాటని సంస్థలన్నీ ఇందులోకి వస్తాయి. ఎంఎస్‌ఎంఈగా నమోదైనట్టు చూపే ఉద్యమ్ సర్టిఫికెట్ జత చేస్తే భాగస్వామ్య సంస్థయినా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయినా 4,500తోనే సరిపెట్టుకోవచ్చు. స్టార్టప్ అయితే కేంద్ర ప్రభుత్వ శాఖ డీపీఐఐటీ గుర్తింపు ఉండాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రూపాయి ఖర్చు లేదు. అయినా అది చేయించుకోకుండా దరఖాస్తు పెట్టి, రెట్టింపు కట్టే చిన్న వ్యాపారులు తక్కువేమీ కాదు.

ఇక క్లాసుల సంగతి. నీస్ వర్గీకరణ అనే అంతర్జాతీయ పద్ధతి ప్రకారం లోకంలోని సరుకులు, సేవలు అన్నిటినీ 45 క్లాసులుగా విభజించారు. మొదటి 34 సరుకులకు, మిగతా 11 సేవలకు. రుసుము లెక్క ప్రతి మార్కుకు, ప్రతి క్లాసుకు విడివిడిగా ఉంటుంది. గుంటూరులో పచ్చళ్ల వ్యాపారం ఒకటి ఉందనుకుందాం. ఆవకాయ, మాగాయ, గోంగూర వంటి నిల్వ పచ్చళ్లు 29వ క్లాసు. అదే కొట్టులో అమ్మే కారప్పొడి, మసాలాలు, అరిసెలు 30వ క్లాసు. నెయ్యి మళ్లీ 29. ఊళ్లోవాళ్ల సరుకులు కూడా తెచ్చి అదే పేరుతో దుకాణం నడిపితే 35. పక్కనే టిఫిన్ సెంటర్ పెడితే 43. ఇలా నాలుగు క్లాసులయ్యేసరికి 4,500 కాస్తా 18,000 అవుతుంది. ఉద్యమ్ సర్టిఫికెట్ లేని కంపెనీకి 36,000. పేరు వేరుగా, లోగో వేరుగా కావాలంటే ఈ మొత్తం మరోసారి కట్టాలి.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ముందుగా పేరును మామూలు అక్షరాల్లో రిజిస్టరు చేయించుకోవడం మేలు. ఏ రంగులో, ఏ ఆకారంలో రాసుకున్నా ఆ పేరుకు రక్షణ ఉంటుంది. లోగో ఐదేళ్లకోసారి మారుతుంది, పేరు మారదు. పేరు తెలుగు లిపిలో ఉంటే దాని ఉచ్చారణ, అర్థం ఇంగ్లిషులో గానీ హిందీలో గానీ దరఖాస్తులో చూపించాలి. దీనికి అదనపు రుసుము లేదు. మరచిపోతే మాత్రం ట్రేడ్‌మార్క్ ఆఫీసు నుంచి లేఖ, దానికి జవాబు, ఆ జవాబు రాసినందుకు ఏజెంటు ఫీజు తప్పవు.

క్లాసులను అతిగా ఎంచుకోవడమూ దుబారాయే. ఎప్పుడో సబ్బుల వ్యాపారంలోకి దిగుతామేమోనని 3వ క్లాసు కూడా తీసుకునేవాళ్లున్నారు. కానీ రిజిస్టరయిన మార్కును ఐదేళ్ల మూడు నెలల పాటు ఆ సరుకు మీద వాడకపోతే, దాన్ని తొలగించాలని ఎవరైనా అడగవచ్చు. అప్పుడు ముందు కట్టిన రుసుముతో పాటు కాపాడుకోవడానికి పెట్టిన లాయరు ఖర్చు కూడా వృథా.

దరఖాస్తుకు ముందు చేయాల్సిన వెతుకులాట ఉచితం. ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లోని పబ్లిక్ సెర్చ్‌లో పేరు, క్లాసు ఇస్తే అప్పటికే ఉన్న మార్కులు కనిపిస్తాయి. అక్షరాలు కలిసినవే కాకుండా, ఉచ్చారణలో దగ్గరగా ఉన్నవీ వెతకవచ్చు. ఈ పని ఏజెంటుకు అప్పగిస్తే కొంత తీసుకుంటారు. మొత్తం వ్యవహారంలో ఇంతకన్నా సార్థకమైన ఖర్చు మరొకటి లేదనే చెప్పాలి. ఎందుకంటే అసలు డబ్బు కరిగిపోయేది దీని తర్వాతి దశలోనే.

దరఖాస్తు చేరాక దాన్ని పరీక్షించి ఆఫీసు ఒక నివేదిక పంపుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. అభ్యంతరాలు ఎక్కువగా రెండు సెక్షన్ల కింద ఉంటాయి. సరుకు రకాన్నో, నాణ్యాన్నో, పుట్టిన చోటునో చెప్పే పేరు అయితే 9వ సెక్షన్. అప్పటికే ఉన్న మార్కును పోలి ఉంటే 11వ సెక్షన్. నివేదిక అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి. జవాబుకు ప్రభుత్వ రుసుమేమీ లేదు. ఆఫీసు తృప్తి చెందకపోతే హియరింగ్‌కు పిలుస్తుంది. అక్కడికి లాయరు హాజరైన ప్రతిసారీ ఫీజు ఉంటుంది.

తెలుగు వ్యాపారాలకు దెబ్బ తగిలేది 9వ సెక్షన్ దగ్గరే. ఘాటైన గుంటూరు కారం, నాటు నెయ్యి, కమ్మని పచ్చళ్లు వంటి పేర్లు కొనేవాడికి సరుకేమిటో వెంటనే చెబుతాయి. వ్యాపారి వాటిని ఇష్టపడేది అందుకే, రిజిస్ట్రీ ఒప్పుకోనిదీ అందుకే. అలాంటి మాటలు ఆ సరుకు అమ్మే అందరికీ కావాలి, ఒక్కరికే కట్టబెట్టడం కుదరదు. బందరు లడ్డు, ఆత్రేయపురం పూతరేకులు, గుంటూరు సన్న మిర్చి వంటివైతే భౌగోళిక గుర్తింపు పొందినవి. అవి ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరి ఉమ్మడి ఆస్తి. వాటిని ఒకరి ట్రేడ్‌మార్క్‌గా ఇవ్వరు. ఏళ్ల తరబడి వాడగా ఒక మామూలు మాట ఫలానా వ్యాపారి పేరుగానే జనంలో స్థిరపడిపోయిందని నిరూపిస్తే మినహాయింపు దొరుకుతుంది. కానీ ఆ నిరూపణకు పాత బిల్లులు, ప్రకటనలు, అమ్మకాల లెక్కలు, ప్రమాణపత్రం కావాలి. వాటిని సమకూర్చి వాదించే ఖర్చు 4,500తో పోల్చి చూస్తే ఎన్నో రెట్లు. సరుకుతో సంబంధం లేని కల్పిత పదమో, ఇంటిపేరు కాని ముద్దుపేరో పెట్టుకున్నవాళ్లు ఈ ఖర్చును చాలావరకు తప్పించుకుంటారు.

అభ్యంతరాలు తీరాక మార్కును ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో ప్రచురిస్తారు. అక్కడి నుంచి నాలుగు నెలల పాటు దేశంలో ఎవరైనా దాన్ని వ్యతిరేకిస్తూ అపోజిషన్ వేయవచ్చు. వేసేవాడు క్లాసుకు 2,700 రూపాయలు కట్టాలి. నోటీసు అందుకున్న దరఖాస్తుదారు రెండు నెలల్లో అంతే రుసుముతో ప్రతివాదన దాఖలు చేయాలి. గడువు దాటితే దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. ఆ తర్వాత ఇరుపక్షాల సాక్ష్యాలు, వాదనలు. ముందుంది ముసళ్ల పండగ అన్నట్టు, ఈ తగాదా ఏళ్లకేళ్లు సాగి ఖర్చు తడిసి మోపెడవుతుంది. చాలా చిన్న సంస్థలు ఈ దశలోనే పేరు మార్చుకునో, రాజీపడో బయటపడతాయి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. నాలుగు క్లాసులను ఒకే దరఖాస్తులో పెడితే రుసుమేమీ తగ్గదు. పైగా వాటిలో ఒక్క క్లాసు మీద అపోజిషన్ పడినా మిగతా మూడూ ఆగిపోతాయి. విడదీయాలని మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. విడివిడిగా వేసుకుంటే ఈ బెడద ఉండదు.

ఎవరూ అడ్డుపడకపోతే సర్టిఫికెట్ వస్తుంది. దానికి విడిగా రుసుము లేదు. రక్షణ దరఖాస్తు తేదీ నుంచి పదేళ్లు. తొందరగా కావాలనుకునేవారు త్వరిత పరిశీలన కోరవచ్చు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు అది క్లాసుకు 20,000, ఇతరులకు 40,000. మామూలు రుసుముకు నాలుగు రెట్లకు పైనే ఉన్నా, దీంతో అపోజిషన్‌కు ఇచ్చే నాలుగు నెలల గడువు తగ్గదు.

పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు క్లాసుకు 9,000 రూపాయలు. ఇందులో చిన్నా పెద్దా తేడా లేదు. మొదట్లో సగం కట్టి లోపలికి వచ్చిన పచ్చళ్ల వ్యాపారి ఇప్పుడు పెద్ద కంపెనీతో సమానంగా కట్టాలి. నాలుగు క్లాసులుంటే 36,000. గడువు దాటాక ఆరు నెలల్లోపు అయితే ఇంకో 4,500 అపరాధ రుసుము. అదీ దాటి ఏడాదిలోపు అయితే మార్కును తిరిగి చేర్పించుకోవడానికి పునరుద్ధరణ రుసుముతో పాటు మరో 9,000. కొంత ఊరట కూడా ఉంది. కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ తన ఇన్నొవేటివ్ పథకం కింద ట్రేడ్‌మార్క్ రిజిస్టరయిన సంస్థలకు 10,000 రూపాయల వరకు తిరిగి చెల్లించే ఏర్పాటు చేసింది. స్టార్టప్‌లకైతే కేంద్రం నియమించిన ఫెసిలిటేటర్ల ఫీజు ప్రభుత్వమే భరించే పథకం ఉంది. చట్టప్రకారం కట్టాల్సిన రుసుము మాత్రం స్టార్టప్ చేతి నుంచే పడుతుంది.

ఇంత చేసినా ఈ రక్షణ దేశం ఎల్లల దగ్గర ఆగిపోతుంది. ట్రేడ్‌మార్క్ హక్కు ఏ దేశానికి ఆ దేశానిదే. జపాన్‌లో 1997లోనే ప్రియస్ కారును తెచ్చిన టయోటా, భారతదేశంలో ఆ పేరును వెంటనే రిజిస్టరు చేయించుకోలేదు. ఈలోగా ఇక్కడి కారు విడిభాగాల సంస్థ ఒకటి అదే పేరు రిజిస్టరు చేయించుకుంది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ సంస్థ పేరు వాడడం మొదలుపెట్టేనాటికి ప్రియస్‌కు ఈ దేశంలో తగినంత ప్రఖ్యాతి ఉన్నట్టు రుజువు కాలేదని 2017 డిసెంబరులో కోర్టు తేల్చింది. చైనాలో ఆపిల్ అనుభవం ఇంకా ఖరీదైనది. ఐప్యాడ్ పేరు మీద హక్కులను తైవాన్ కంపెనీ ప్రోవ్యూ నుంచి కొన్నామనుకుంటే, చైనా హక్కు మాత్రం అదే గ్రూపులోని షెన్‌జెన్ సంస్థ పేరున ఉండిపోయింది. 2012లో 6 కోట్ల డాలర్లిచ్చి ఆపిల్ రాజీ చేసుకుంది. చైనాలో దరఖాస్తు రుసుము ఆన్‌లైన్‌లో క్లాసుకు 270 యువాన్లే, అదీ పది సరుకుల దాకా. అంత పెద్ద కంపెనీ తడబడింది డబ్బు దగ్గర కాదు, హక్కు ఎవరి పేరున ఉందో చూసుకోవడంలో.

చిన్న ఎగుమతిదారులకు ఇలాంటి చిక్కు సరుకు దింపుకునే డీలరు వల్ల వస్తుంది. ముందుగా ఎవరు దాఖలు చేస్తే వాళ్లదే హక్కు అనే దేశాల్లో, గుంటూరు సరుకు పేరును అక్కడి దిగుమతిదారు తన పేరున రిజిస్టరు చేయించుకున్నాడంటే, తర్వాత డీలరును మార్చడమే కష్టమవుతుంది. సొంత పేరు పెట్టుకున్న పెట్టెలే అక్కడి కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు. అందుకే సరుకు పంపడానికి ముందే ఆ దేశంలో దాఖలు చేయడం మంచిది.

పై దేశాలకు వెళ్లడానికి దారులు ప్రధానంగా రెండు. ఒకటి, ఏ దేశానికి ఆ దేశంలో నేరుగా దాఖలు చేయడం. రెండోది, మాడ్రిడ్ ప్రోటోకాల్ కింద ఒకే దరఖాస్తుతో చాలా దేశాలను కోరడం. ఏ దారిలో వెళ్లినా పారిస్ ఒప్పందం ఇచ్చే వెసులుబాటు ఒకటి పనికొస్తుంది. స్వదేశంలో దాఖలు చేసిన ఆరు నెలల్లోపు మరో దేశంలో దాఖలు చేస్తే, అక్కడా మొదటి తేదీనే లెక్కలోకి తీసుకుంటారు. అంటే ఇక్కడ 4,500 రూపాయలు కట్టి, ఆరు నెలల పాటు మార్కెట్ ఎక్కడ ఉందో చూసుకుని, ఆ తర్వాత పెద్ద ఖర్చుకు దిగవచ్చు.

మాడ్రిడ్ పద్ధతిని జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థ, వైపో, నడుపుతుంది. భారత్ ఇందులో 2013 జూలై 8న చేరింది. 130కి పైగా దేశాలు దీని పరిధిలో ఉన్నాయి. దరఖాస్తు భారతీయ రిజిస్ట్రీ ద్వారానే వెళ్లాలి, అందుకు 5,000 రూపాయల రుసుము. వైపోకు కట్టే మూలరుసుము నలుపు తెలుపు మార్కుకు 653 స్విస్ ఫ్రాంకులు. రంగుల మార్కుకు చాలా ఏళ్లుగా 903. ఫ్రాంకును వంద రూపాయలుగా లెక్కేసుకున్నా ఇది 65,000 పైనే. దీనిపై ఎంచుకున్న ప్రతి దేశానికీ రుసుము ఉంటుంది. జర్మనీ, ఫ్రాన్స్ వంటి దేశాలు మామూలు రుసుమైన 100 ఫ్రాంకులతో సరిపెట్టుకుంటాయి. మూడు క్లాసులు దాటితే, దాటిన ప్రతి క్లాసుకు మరో 100. అమెరికా, బ్రిటన్, చైనా వంటివి తమకంటూ విడి రుసుము పెట్టుకున్నాయి. అసలు బరువు అక్కడే. 2024 నాటికి నేపాల్, బంగ్లాదేశ్, దక్షిణాఫ్రికా వంటి దేశాలు ఈ పద్ధతిలో లేవు. అక్కడ నేరుగా వెళ్లాల్సిందే.

తెలుగువారి కిరాణా కొట్లు ఎక్కువగా ఉన్న అమెరికా లెక్క చూస్తే ఏ దారి చవకో కొంత అర్థమవుతుంది. 2025 జనవరి నుంచి అక్కడ నేరుగా దాఖలు చేస్తే క్లాసుకు 350 డాలర్లు. సరుకుల వివరణను ఆఫీసు ముందే ఆమోదించిన జాబితా నుంచి ఎంచుకోకుండా సొంత మాటల్లో రాస్తే క్లాసుకు 200 డాలర్లు అదనం. ఆ జాబితాలో పికిల్స్ అన్న మాట ఉంది. ఆవకాయ అని వివరంగా రాసుకోవాలన్న సరదాకు ఖరీదు 200 డాలర్లన్నమాట. అదే మాడ్రిడ్ ద్వారా అమెరికాను కోరితే క్లాసుకు 600 డాలర్లు. పచ్చళ్లకు, పొడులకు రెండు క్లాసులు అవసరమైతే నేరుగా 700 డాలర్లు. మాడ్రిడ్‌లో 1,200 డాలర్లు, దానిపై 653 ఫ్రాంకులు, 5,000 రూపాయలు. అయితే నేరుగా దాఖలు చేసే విదేశీయులు 2019 ఆగస్టు నుంచి అక్కడి లైసెన్సు ఉన్న లాయరును పెట్టుకోవడం తప్పనిసరి. ఆ ఫీజు కలిపితే తేడా తగ్గుతుంది. అయినా ఒక్క అమెరికాయే కావాలనుకునేవారికి మాడ్రిడ్‌తో పెద్దగా ఆదా ఉండదు. దేశాలు పెరిగేకొద్దీ, ప్రతిచోటా వేరే లాయరును పెట్టుకునే ఖర్చు తప్పి, మాడ్రిడ్ గిట్టుబాటవుతుంది. ఏ దేశమైనా అభ్యంతరం చెబితే మాత్రం అక్కడి లాయరు ఖర్చు మళ్లీ తగులుతుంది.

ఐరోపాలో తూకం వేరు. ఐరోపా సమాఖ్య ట్రేడ్‌మార్క్‌కు ఆన్‌లైన్ రుసుము మొదటి క్లాసుకు 850 యూరోలు, రెండోదానికి 50, మూడో క్లాసు నుంచి ఒక్కోదానికి 150. మూడు క్లాసులకు 1,050 యూరోలతో 27 దేశాలు. ఇంతకంటే గిట్టుబాటు బేరం దొరకదు. కానీ ఆ 27లో ఏ ఒక్క దేశంలో పాత మార్కు అడ్డుపడినా మొత్తం దరఖాస్తు కూలిపోయే ప్రమాదముంది. బ్రిటన్ సమాఖ్యను వీడడంతో 2021 నుంచి ఈ రక్షణ అక్కడ చెల్లదు. లండన్‌లో సరుకు అమ్మేవారు బ్రిటన్‌లో వేరుగా దాఖలు చేయాలి. గల్ఫ్ దేశాలకు ఇలాంటి ఉమ్మడి రిజిస్ట్రేషన్ లేదు, రుసుములూ ఎక్కువే. యూఏఈలో నేరుగా వెళితే క్లాసుకు దరఖాస్తు, ప్రచురణ రుసుములు కాక రిజిస్ట్రేషన్‌కే 5,000 దిర్హాములు కట్టాల్సి వచ్చేది. ఆ దేశం 2021 డిసెంబరులో మాడ్రిడ్‌లో చేరాక రెండో దారి తెరుచుకుంది.

మాడ్రిడ్‌లో ఒక బలహీనత ఉంది. అంతర్జాతీయ రిజిస్ట్రేషన్ మొదటి ఐదేళ్లు స్వదేశంలోని మార్కు మీదే ఆధారపడి ఉంటుంది. ఈలోగా చెన్నైలో దరఖాస్తు తిరస్కరణకు గురైతే జెనీవాలో, దాంతోపాటు కోరిన దేశాలన్నిటిలో రక్షణ పోతుంది. మూడు నెలల్లో ఆయా దేశాల్లో నేరు దరఖాస్తులుగా మార్చుకుని పాత తేదీ నిలుపుకోవచ్చు. అప్పుడు మళ్లీ ప్రతి దేశానికీ రుసుము, లాయరు. కాబట్టి ఇక్కడ 9వ సెక్షన్ కింద ఓడిపోయేలాంటి బలహీనమైన పేరును మాడ్రిడ్‌కు ఎక్కించడం రెండుసార్లు నష్టపోవడమే. ఇక్కడ జర్నల్ దశ దాటేదాకా ఆగితే ముప్పు చాలావరకు తగ్గుతుంది, కానీ ఆరు నెలల పారిస్ గడువు అప్పటికి దాటిపోతుంది. రెండింటిలో ఏది వదులుకోవాలన్నది పేరు ఎంత గట్టిదన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి.

విదేశాల్లో కూడా పునరుద్ధరణ సాధారణంగా పదేళ్లకోసారే. మాడ్రిడ్‌లో మూలరుసుము, దేశాల రుసుములు మళ్లీ కట్టాలి. అయితే అన్ని దేశాలకూ ఒకేచోట, ఒకే తేదీన. అమెరికాలో ఇంకొకటి ఉంది. రిజిస్టరయిన ఐదు, ఆరు సంవత్సరాల మధ్య, మార్కును అక్కడ నిజంగా వాడుతున్నట్టు రుజువుతో ప్రకటన ఇవ్వాలి. దానికి క్లాసుకు 325 డాలర్లు. ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. దీన్ని మరచిపోయే విదేశీ వ్యాపారులే ఎక్కువ నష్టపోతుంటారు.

చివరగా, కట్టనక్కరలేని ఖర్చొకటి. అంతర్జాతీయ రిజిస్ట్రేషన్ వివరాలు ప్రచురితమైన కొద్ది వారాలకే, ప్రభుత్వ సంస్థల పేర్లను తలపించే పేర్లతో, ముద్రలతో, వందల డాలర్లు కట్టమని ఇన్‌వాయిస్‌లు వస్తుంటాయి. అవి ప్రైవేటు డైరెక్టరీలలో పేరు వేయడానికి అడిగేవి. కట్టినా ఏ హక్కూ రాదు. వైపో, అమెరికా ట్రేడ్‌మార్క్ ఆఫీసు ఈ మోసాల గురించి హెచ్చరిస్తూ అలాంటి లేఖల నమూనాలను తమ వెబ్‌సైట్లలో ఉంచాయి. ఇన్‌వాయిస్ అందగానే డబ్బు కట్టకుండా, దాన్ని దరఖాస్తు వేసిన ఏజెంటుకు పంపి, వైపో నమూనాలతో పోల్చి చూడమని అడిగితే సరిపోతుంది.